నీళ్లు తాగిన రైలు లేఅవుట్: ఆరబెట్టి వాడాలా, బోర్డు మార్చాలా, ముక్కలుగా కట్టాలా?

ఇంట్లో బోర్డు మీద కట్టుకున్న మోడల్ రైలు లేఅవుట్ మీద నీళ్లు పడ్డాయంటే అందరి ప్రాణం ముందు ఇంజన్ల మీదికి, పట్టాల మీదికి పోతుంది. నిజానికి అవే ఎక్కువగా బతికి బయటపడతాయి. ఇప్పుడు దొరికే మోడల్ పట్టాల్లో చాలా వరకు నికెల్ సిల్వర్‌వి. రాగి, నికెల్, జింక్ కలిసిన ఆ లోహానికి జంగు పట్టదు, కడిగి తుడిస్తే మళ్లీ కరెంటు పారుతుంది. చెడేదంతా వాటి కిందే ఉంటుంది. ప్లైవుడ్ ఉబ్బి పొరలు విడిపోతుంది, ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక) పిండిలా రాలుతుంది, ప్లాస్టర్ మెత్తబడుతుంది, కంకరను పట్టి ఉంచిన ఫెవికాల్ మళ్లీ తెల్లగా నానుతుంది.

2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య అసలు రైల్వే లైనుకు జరిగిందీ ఇదే. కట్ట, కంకర కొట్టుకుపోయి పట్టాలు స్లీపర్లతో సహా గాలిలో వేలాడాయి. అక్కడ ముందు కట్ట సంగతే చూడాల్సి వచ్చింది. ఇంట్లో లేఅవుట్‌కూ అదే వరుస. ఏ దారి పట్టాలన్నది బోర్డును చూసి తేల్చండి, మిగతాది దాని వెంట నడుస్తుంది.

## ముందు ఇవి తేలాలి

ఏ నీళ్లు? స్లాబు ఉరిసి పడ్డ వాన నీళ్లు, ట్యాంకు పొర్లి కారిన నీళ్లు ఒక రకం. మోరీ పొంగి ఇంట్లోకి వచ్చిన నీళ్లు వేరు. 2023 జులై చివరి వానలకు వరంగల్, హన్మకొండల్లో నాలాల పక్క కాలనీలు చూసింది రెండో రకాన్ని. ఆ నీళ్లు తాగిన ప్లైవుడ్, కార్క్, అట్ట ఇళ్లు, రంపపు పొట్టు గడ్డి, ప్లాస్టర్ కొండలు ఏవీ దాచుకోవద్దు. పైకి ఆరినట్టు కనిపించినా లోపల మురుగు ఉంటుంది, తలుపు మూసిన గదిలో వాసన పోదు. పట్టాలు, ప్లాస్టిక్ ఇళ్లు, లోహపు సామాను మాత్రం కడిగి ఉంచుకోవచ్చు. కడిగేటప్పుడు రబ్బరు గ్లోవ్స్, బూజు గీకేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి.

ఎంతసేపు తడిగా ఉంది? ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. గంటలో తుడిచేసిన బోర్డు, ఊరికి వెళ్లొచ్చి వారం తర్వాత చూసిన బోర్డు ఒకటి కావు.

బోర్డు దేనితో చేశారు? ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు అయితే ఆలోచన అక్కర్లేదు, పారేయాలి. ఉబ్బిన ఎండీఎఫ్ ఆరినా పాత మందానికి రాదు. ప్లైవుడ్ అయితే కింద చెప్పిన పరీక్షలు చేయాలి.

నీళ్లు మళ్లీ వస్తాయా, వస్తే ఎంత ఎత్తుకు? గోడ మీద పాత వరద చార ఉంటే నేల నుంచి టేపు పెట్టి కొలవండి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 2023 జులై 27 ఉదయానికి 24 గంటల్లో 649.8 మి.మీ. వాన పడింది. అలాంటి వాన ఈ ప్రాంతంలో పడగలదని తెలిశాక ‘ఈసారి రాదులే’ అన్న నమ్మకం మీద బోర్డు కట్టకూడదు.

ఇల్లు సొంతమా అద్దెదా, సజ్జ ఖాళీ ఉందా, వారానికి ఎన్ని గంటలు పెట్టగలరు అన్నవి వీటి తర్వాతే.

## ఏ దారి పట్టినా మొదటి రెండు రోజుల పని

గది ఎంసీబీ దించాకే ప్లగ్గు ముట్టుకోండి. తడిసిన కంట్రోలర్, అడాప్టర్ లోపలి భాగం 230 వోల్టులది. ఆరబెట్టి పెట్టి చూద్దామనుకోవద్దు, అది మార్చాల్సిందే. లేఅవుట్‌ను నాలుగు వైపుల నుంచి, పై నుంచి ఫోటోలు తీయండి. వైర్లకు టేపు కట్టి నంబర్లు రాయండి.

బురద అంటిన ఇంజన్లను తడి ఆరకముందే విప్పాలి, ఎండిన బురద గేర్లలో గట్టిపడుతుంది. పై డొప్ప తీసి మామూలు మంచి నీళ్లతో కడగండి. లోపలి సర్క్యూట్ బోర్డు, మోటారు బ్రష్‌ల దగ్గర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరోసారి తుడవండి. రంగు వేసిన డొప్పకు ఆల్కహాల్ తగలనివ్వద్దు, అక్షరాలు లేచిపోతాయి. ఫ్యాను గాలికి నీడలో కనీసం మూడు రోజులు ఆరాక గేర్లకు కొత్త గ్రీజు, బేరింగులకు ఒక్కొక్క చుక్క నూనె వేయాలి. ఇంజన్‌లో డీసీసీ డీకోడర్ (డిజిటల్ కంట్రోల్ సంకేతాలు అందుకునే చిప్) ఉంటే అంతవరకు కరెంటు ఇవ్వద్దు. హెయిర్ డ్రయ్యర్ వేడికి సన్న ప్లాస్టిక్ వంకరపోతుంది.

పాయింట్ మోటార్లను, అంటే రైలును ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే పట్టా జోడును (పాయింట్‌ను) కదిపే మోటార్లను, మల్టీమీటర్‌తో చూడండి. కాయిల్ రెండు కొసల మధ్య కొన్ని ఓమ్‌లు చూపాలి, కాయిల్‌కూ లోహపు చట్రానికీ మధ్య అసలు కనెక్షన్ చూపకూడదు. చూపితే ఆ మోటారు పక్కన పెట్టేయండి.

## అయిదు దారులు ఒక్క చూపులో

ఇవి హెచ్‌ఓ స్కేల్‌లో (అసలు రైలులో 87వ వంతు, 1:87) 8×4 అడుగుల లేఅవుట్‌ను, వారాంతపు పనిని దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్కలు.

| దారి | ఎవరికి సరిపోతుంది | పట్టే కాలం | కొత్తగా కొనేవి | మళ్లీ నీళ్లొస్తే |
|---|---|---|---|---|
| ఉన్న బోర్డు ఆరబెట్టడం | మంచి నీళ్లు, కొద్ది భాగం, ప్లైవుడ్ | ఆరడానికి 3–6 వారాలు, పని 2 వారాలు | ఫిష్‌ప్లేట్లు (పట్టా కొసలు కలిపే లోహపు ముక్కలు), కంకర, కొంత వైరు | మళ్లీ ఇదే కథ |
| అదే ప్లాన్, కొత్త బోర్డు | సొంత ఇల్లు, పై అంతస్తు, ప్లాన్ మీద ప్రేమ | 2–3 నెలలు | ప్లైవుడ్, చట్రం, అండర్‌లే (పట్టాల కింద పరిచే మెత్తని పొర), కంకర | పైనుంచి ఉరిస్తే ప్రమాదమే |
| 4×2 అడుగుల ముక్కలు | అద్దె ఇల్లు, వరద కాలనీ | 3–4 నెలలు | పైవి, బోల్టులు, కనెక్టర్లు | ఎత్తి సజ్జ మీద పెట్టొచ్చు |
| గోడ షెల్ఫ్ | తక్కువ చోటు, షంటింగ్ (వ్యాగన్లను అటూ ఇటూ జరిపి కూర్చడం) ఇష్టం | 3–5 వారాలు | ఒక పలక, బ్రాకెట్లు | వరదకు అందదు, గోడ చెమ్మ చూడాలి |
| ఇంకా చిన్నదైన ఎన్ స్కేల్‌కు (1:160) మారడం | హెచ్‌ఓ సామానే ఎక్కువ పోయినవాళ్లు | 2–3 నెలలు | దాదాపు అన్నీ | ఒక్కరే ఎత్తగలరు |

## ఉన్న బోర్డును ఆరబెట్టడం

డబ్బు తక్కువ ఖర్చయ్యే దారి కాబట్టి అందరూ ముందు ఇటే మొగ్గుతారు. బోర్డు నిజంగా బాగుంటేనే ఇది లాభం. నాలుగు పరీక్షలు పెట్టండి. అంచు మందం స్కేలుతో కొలవండి. 12 మి.మీ. ప్లైవుడ్ ఆరాక కూడా 13 దాటి ఉంటే పొరలు విడినట్టే. వేలి మెటికతో కొడుతూ పోండి, డొల్ల శబ్దం వచ్చిన చోట లోపల ఖాళీ ఉంది. అంచులో స్క్రూడ్రైవర్ మొన గుచ్చి చూడండి, సులువుగా దిగితే కుళ్లింది. చివరగా మీటరు పొడవు అల్యూమినియం పట్టీని బోర్డు మీద అంచుపై నిలబెట్టి వెనక నుంచి టార్చి వేయండి. సందు 2 మి.మీ. దాటితే పొడవాటి బోగీలు ఆ చోట పట్టా దిగుతూనే ఉంటాయి.

ఆరబెట్టేటప్పుడు బోర్డును నీడలో నిలబెట్టి రెండు వైపులా గాలి ఆడనివ్వండి. ఎండలో వాల్చిన ప్లైవుడ్ ఒక ముఖం ముందు ఆరి విల్లులా వంగుతుంది. వానాకాలం గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి ఓపిక కావాలి. తేమ మీటరు లేకపోతే వారానికోసారి బోర్డును తూయండి, బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టు. ఇంకో పద్ధతి: అడుగు చదరపు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి రాత్రంతా ఉంచండి. పొద్దున లోపలి వైపు ఆవిరి పడితే ఇంకా తడే.

వైర్ల విషయం చాలామంది వదిలేస్తారు. పోగుల రాగి వైరు కొస నీళ్లలో మునిగితే ఆ నీళ్లు తొడుగు లోపల పైకి పాకుతాయి. కొస దగ్గర తొడుగు 2 అంగుళాలు ఒలిచి చూడండి. రాగి మెరుస్తుంటే కోసి మళ్లీ కలపండి. నల్లబడి, పచ్చబడి ఉంటే ఇంకో 2 అంగుళాలు. అక్కడా అలాగే ఉంటే ఆ తీగ మొత్తం మార్చండి. ఇప్పుడు పనిచేసినా ఆరు నెలలకు టంకం పట్టని, మూల తెలియని లోపంగా తేలుతుంది.

తడిసిన బోర్డు గోడకు ఆని ఉంటే వెనక వైపు చెదలు కూడా చూడండి. మట్టి గీత ఒక్కటి కనిపించినా ఈ దారి మానుకోవడమే మంచిది.

## అదే ప్లాన్, కొత్త బోర్డు

ఇందులో సగం విజయం పాత పట్టాలను విరగకుండా తీయడంలో ఉంది. కంకరను నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అంటించి ఉంటే అదృష్టమే. మామూలు తెల్ల ఫెవికాల్ తడికి మెత్తబడుతుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెలు తోమే సబ్బు కలిపి స్ప్రే చేసి, 15–20 నిమిషాలు ఆగి, వెడల్పాటి లప్పం బ్లేడును స్లీపర్ల కిందికి పడుకోబెట్టి తోయండి. పట్టా లోహపు కడ్డీ పట్టుకుని పైకి లాగొద్దు, స్లీపర్ల మీది చిన్న ప్లాస్టిక్ కొక్కేలు విరుగుతాయి. ముందుగా మేకులు తీసేయాలి. రబ్బరు సొల్యూషన్ లాంటి జిగురుతో అంటించిన పట్టా మాత్రం ఇలా రాదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

పాయింట్లకు ఎక్కువ సమయం ఇవ్వండి, లేఅవుట్‌లో ఖరీదైన పట్టా అదే. కదిలే బ్లేడు కింద, అది ఆనే పట్టా కడ్డీ లోపలి అంచున కంకర జిగురు మిగిలితే కరెంటు తెగుతుంది. పాత టూత్‌బ్రష్, గోరువెచ్చని నీళ్లు, తర్వాత ఆల్కహాల్ చాలు. బ్లేడును లాగిపెట్టే చిన్న స్ప్రింగు ఉక్కుది, దానికి జంగు పడుతుంది. దాన్ని తడి ఆరాక ఒకసారి చూసుకోండి. ఫిష్‌ప్లేట్లు పాతవి వాడొద్దు, ఒకసారి తీస్తే పట్టు వదులుతుంది.

వంపులో ఉన్న ఫ్లెక్సిబుల్ పట్టా తీస్తే లోపలి కడ్డీ కొస బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది. దాన్ని మళ్లీ అలాంటి వంపులోనే వాడండి, సరళ భాగానికి కొత్త 914 మి.మీ. ముక్క తీసుకోండి.

బోర్డుకు ఏది కొనాలి? కమర్షియల్ ప్లైవుడ్ చవక, తడికి ముందు పోయేది కూడా అదే. ‘ఐఎస్ 710’ ముద్ర ఉన్న మెరైన్ గ్రేడ్‌లో పొరల మధ్య జిగురు నీళ్లకు విడిపోదు. ధర ఎక్కువైనా కొనాల్సింది ఒకటిన్నర షీటే, అక్కడ మిగుల్చుకోవద్దు. డబ్ల్యూపీసీకి (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలక) నీళ్ల భయం, చెదల భయం లేవు. కానీ వేడికి చెక్క కంటే ఎక్కువ సాగుతుంది, ఆధారం దూరమైతే కుంగుతుంది, తెల్ల ఫెవికాల్ దానికి సరిగా పట్టదు. మిద్దె మీది రేకుల గదిలో మే నెల ఎండకు దాని మీద పట్టాలు నిలవడం కష్టం. 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ (గట్టి ఫోమ్ పలక) నీళ్లు పీల్చదు, చాలా తేలిక, అయితే స్క్రూలు పట్టవు. దానికి 6 మి.మీ. ప్లైవుడ్ అడుగు, అంచుల చట్రం కావాలి. సాల్వెంట్ ఉన్న జిగురు తగిలితే కరిగిపోతుంది. తెల్ల థర్మాకోల్ పూసల సందుల్లో నీళ్లు నిలుస్తాయి, కొండలకు తప్ప వాడొద్దు.

మెరైన్ ప్లైవుడ్ తెచ్చి అంచులు వదిలేస్తే డబ్బు వృథా. నీళ్లు ముందు దూరేది కోసిన అంచులోంచే. బిగించకముందే ఆరు ముఖాలకూ, అంచులకు రెండుసార్లు, పాలియురెథేన్ వార్నిష్ గానీ ఎనామెల్ గానీ వేయించండి. వైర్ల కోసం తర్వాత కొట్టే రంధ్రాల లోపల కూడా.

## 4×2 అడుగుల ముక్కలు

వరంగల్‌లో కింది అంతస్తులో ఉండేవాళ్లకు, అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు మా మొదటి సలహా ఇదే. పని పెరుగుతుంది, పొందిక తగ్గుతుంది, అయినా ఇదే. కారణం బరువు. 12 మి.మీ. ప్లైవుడ్ 8×4 షీటు ఒక్కటే 20 కిలోలు దాటుతుంది, చట్రం, కొండలు కలిస్తే ఇద్దరు మనుషులు అటూ ఇటూ పట్టినా తలుపు దాటదు. అర్ధరాత్రి నీళ్లు గడప దాటుతుంటే దాన్ని ఎవరూ కాపాడలేరు. 4×2 ముక్క అయితే ఒక మనిషి మంచం మీదికి, అక్కడి నుంచి సజ్జ మీదికి చేర్చగలడు.

లెక్క ఇలా వస్తుంది. ఒక 8×4 షీటులో సరిగ్గా నాలుగు 4×2 పైపలకలు. ఒక్కో దానికి రెండు 4 అడుగుల పట్టీలు, మూడు 2 అడుగుల అడ్డాలు, అంటే 14 అడుగులు. నాలుగింటికి 56. 3 అంగుళాల వెడల్పుతో చీరిస్తే 8 అడుగుల పట్టీలు ఏడు కావాలి, అర షీటు సరిపోతుంది. వడ్లాయన దగ్గర రంపం మిషను మీద ఒకేసారి చీరించండి. చేత్తో కోసిన పట్టీలు వెడల్పు తేడా వచ్చి బోర్డు పైముఖాలు కలవవు.

తిప్పలన్నీ అతుకుల దగ్గరే. 438 మి.మీ. వంపుతో ఒక్క వరస అండాకారం వేస్తే నాలుగు చోట్ల అతుకు దాటుతుంది, రెండు వరసలైతే ఎనిమిది. పట్టా అతుకును నిలువుగా, 90 డిగ్రీల్లో దాటాలి. ఏటవాలుగా దాటితే అర మిల్లీమీటరు జరిగినా చక్రం దిగుతుంది. అతుకు మీద పాయింట్ ఎప్పుడూ రాకూడదు, ప్లాన్ గీసేటప్పుడే చూసుకోండి. ఒక్కో అతుకుకు రెండు 8 మి.మీ. బోల్టులు బిగింపుకు, రెండు డోవెల్ పిన్నులు (ఒక బోర్డులోంచి రెండోదాని రంధ్రంలో దిగే పిన్నులు) గురికి. బోల్టు ఒక్కటే నమ్ముకుంటే రంధ్రంలో ఆట ఉంటుంది, బిగించినప్పుడల్లా పట్టా ఒక్కోచోట ఆగుతుంది. అంచున ప్లాస్టిక్ స్లీపర్లు నాలుగు తీసేసి ఆ చోట రాగి పూత సర్క్యూట్ బోర్డు పట్టీ స్క్రూలతో బిగించి, పట్టా కడ్డీలను దానికి టంకం వేయండి. రెండు కడ్డీల మధ్య రాగి పూతను ఆకురాయితో అడ్డంగా గీసి తెంచడం మరిచిపోతే షార్టు వస్తుంది. బోర్డులు బిగించాకే పట్టా ఏకంగా వేసి, టంకం పూర్తయ్యాక సన్న రంపంతో అతుకు మీద కోయాలి. విడివిడిగా వేసి తర్వాత కలుపుదామంటే కలవవు.

వైరింగ్‌కు ఇంటి వైరింగ్ వాడే 1.5 చదరపు మి.మీ. వైరు రెండు రంగుల్లో బస్‌గా (బోర్డు అడుగున పొడవునా పోయే ముఖ్య వైరు), లాన్ కేబుల్ లోపలి గట్టి తీగలు డ్రాపర్లుగా (బస్ నుంచి పట్టాకు చేరే తీగలు) చాలు. ప్రతి పట్టా ముక్కకూ ఒక జత డ్రాపర్లు పెట్టండి, ఫిష్‌ప్లేటు మీద కరెంటు బాధ్యత పెట్టొద్దు. ఈసారి కనెక్టర్లు, పాయింట్ మోటార్ల బోర్డులు ముక్క అడుగున వేలాడకుండా పక్క చట్రం పైభాగాన బిగించండి. కాళ్లు మడిచే స్టాండ్లు అయితే బోర్డు ఎత్తు మూడున్నర నుంచి నాలుగు అడుగులు ఉంచుకోవచ్చు. వరద చార మీద కనీసం ఒక అడుగు మిగలాలి.

## గోడ షెల్ఫ్

రైలు గుండ్రంగా తిరగాలన్న కోరిక లేనివాళ్లకు ఇది చక్కని దారి, కాజీపేట యార్డు లాంటి దృశ్యానికి బాగా నప్పుతుంది. ఇంగిల్‌నుక్ అనే షంటింగ్ ఆట పద్ధతిలో పాయింట్లు రెండే: మూడు సైడింగుల్లో (వ్యాగన్లు నిలిపే పక్క పట్టాల్లో) 5, 3, 3 వ్యాగన్లు పట్టాలి, షంటింగ్ కొసలో ఇంజన్, మూడు వ్యాగన్లు పట్టాలి. అసలు రైల్వేలోని బాక్స్‌ఎన్ రకం గూడ్సు వ్యాగన్ 10.7 మీటర్లు, 1:87లో 123 మి.మీ. అయిదు వ్యాగన్ల సైడింగుకు 65 సెం.మీ., ఆల్కో డీజిల్ ఇంజన్ సుమారు 20 సెం.మీ. కాబట్టి కొసకు 60 సెం.మీ., మధ్యలో 219 మి.మీ. మీడియం పాయింట్లు రెండు. మొత్తం 6 అడుగుల పొడవు, అడుగు వెడల్పులో పడుతుంది. పలకకూ గోడకూ మధ్య 2 అంగుళాలు సందు వదలండి. సున్నం పొక్కులు లేస్తున్న గోడ అయితే అసలు వద్దు. అద్దె ఇంట్లో గోడకు రంధ్రాలు ఒప్పుకోకపోతే పుస్తకాల ఇనుప ర్యాకు మీద పెట్టినా సరిపోతుంది.

## ఎన్ స్కేల్

8×4 హెచ్‌ఓ ప్లాన్ ఎన్ స్కేల్‌లో సుమారు 4 అడుగుల 4 అంగుళాలు, 2 అడుగుల 2 అంగుళాలకు కుదురుతుంది. దాచడం, ఎత్తడం తేలిక. కానీ పట్టాల వెడల్పు 16.5 నుంచి 9 మి.మీ.కు తగ్గుతుంది, దుమ్ముకు త్వరగా ఆగుతుంది, మన రైల్వే బోగీలు, ఇంజన్లు ఈ స్కేల్‌లో దొరకడం కష్టం. ఇంజన్లన్నీ బతికి బోర్డు ఒక్కటే పోయినవాళ్లు ఇటు రావద్దు.

## ఎవరు ఏది పట్టాలి

స్లాబు ఉరిసి మూల ఒకటే తడిసింది, బోర్డు పరీక్షలు నెగ్గింది: ఆరబెట్టండి. ఉబ్బిన మూల వరకు చదరంగా కోసి, కొత్త ప్లైవుడ్ ముక్కను కింద నుంచి పట్టీలతో కలపొచ్చు. సొంత ఇంట్లో పై అంతస్తు గది ఉంటే అదే ప్లాన్‌తో కొత్త బోర్డు. అయితే ముందు మిద్దె మరమ్మతు. మరమ్మతు తర్వాత మిద్దె మీద రెండు అంగుళాల నీళ్లు 48 గంటలు నిలిపి చూడందే కొత్త పలక గదిలోకి తేవద్దు. మోరీ నీళ్లు ఒక్కసారైనా ఇంట్లోకి వచ్చిన కాలనీ అయితే ముక్కలు, లేదా షెల్ఫ్. పిల్లల చేతిలో రైలు ఉండాలి, ఇప్పట్లో కట్టే తీరిక లేదు అంటే కంకర పట్టాతోనే కలిసి వచ్చే సెట్ ట్రాక్ డబ్బాలో ఉంచి టేబుల్ మీద పరిచి ఆడించండి, పెద్ద పని తర్వాత.

పని కాలం కూడా ఎంచుకోండి. జులై, ఆగస్టులో సామాను కడగడం, ఆరబెట్టడం, ప్లాన్ గీయడం వరకే. కోత, బిగింపు దసరా దాటాక, గాలి పొడిబారాక మొదలుపెడితే చెక్క కదలదు. డిసెంబర్, జనవరి చలిలో పట్టా వేస్తుంటే ప్రతి 914 మి.మీ. ముక్క కొసన అర మిల్లీమీటరు సందు వదలండి, మే ఎండకు అది మూసుకుంటుంది. వేసవిలోనే వేస్తుంటే దాదాపు ఆనించి వేయొచ్చు.

కరెంటు ఇచ్చాక రూపాయి బిళ్లను రెండు పట్టా కడ్డీల మీద అడ్డంగా పెడుతూ లేఅవుట్ చుట్టూ తిరగండి. డీసీసీ కంట్రోలర్ ప్రతి చోటా వెంటనే ట్రిప్ కావాలి, కాని చోట డ్రాపర్ సరిగా లేదు.

కంకర మాత్రం వెంటనే అంటించొద్దు. ఒక వానాకాలం లేఅవుట్‌ను ఉత్త పట్టాలతో నడిపి, అతుకులు ఎక్కడ జరుగుతున్నాయో, ఏ పాయింట్ బిగుసుకుంటుందో చూసి సరిచేయండి. ఈలోగా గ్రానైట్ క్రషర్ డస్టు తెచ్చి కడిగి ఆరబెట్టుకోవచ్చు. రైల్వే కంకరలో పెద్ద రాయి 65 మి.మీ., 1:87లో అది 0.75 మి.మీ., కాబట్టి టీ వడపోత జల్లెడలో దిగినది తీసుకుని, పలచటి గుడ్డలో మళ్లీ జల్లించి పొడిని పారేయండి. మిగిలిన దాని మీద గట్టి అయస్కాంతాన్ని నాలుగైదు సార్లు తిప్పండి. దానికి అంటుకునే నల్ల రేణువులు వదిలేస్తే అవి నేరుగా ఇంజన్ మోటారులోకి చేరతాయి.